లెక్కలోకి రాని ఇరవై సెకన్లు

గాంబియా నది మలుపు తిరిగే చోట
రేకుల కప్పు కింద మా గది.
గోడలకు బూడిదరంగు గుడ్డ కట్టాం,
పిల్లల చూపు చెదరకూడదని.
లోపలంతా నిశ్శబ్దం,
అంటే, జనరేటర్ ఊరుకున్నంతసేపు.

పొద్దున్నే సిరెంగ్ వచ్చింది
వేరుశనగ చేలో పని ఆపుకొని.
వీపున గుడ్డలో కుంబా,
ఐదు నెలలు నిండి నాలుగు రోజులు.
వెనకాలే, పిలవకపోయినా, న్యాలింగ్ అవ్వ.

నా పని టోపీ పెట్టడం.
ముందు టేపుతో కొలతలు:
చెవి నుంచి చెవికి,
ముక్కు మొదలు నుంచి మెడ వెనక గుంట దాకా.
మాడు ఇంకా పూడలేదు.
వేలి కింద అది ఎగసిపడుతుంటే
ఎన్ని వందల తలలు కొలిచానో మరిచిపోయి
ప్రతిసారీ చెయ్యి వెనక్కి తీసుకుంటాను.

పేరు పెట్టిన రోజున గొరిగిన జుట్టు
అప్పుడే ఉంగరాలు తిరిగింది.
వెలుగుకి జుట్టు అడ్డం.
దూదిపుల్లతో పాయలు పక్కకి తోసి
ఒక్కో దీపం కిందా
చేలో కలుపు తీసినట్టు ఒక్కో దారి తీస్తాను.

"కాలుతుందా డెంబో?" అంది అవ్వ.
టార్చి ఆమె అరచేతికి ఆనించి వెలిగించాను.
వేళ్ళ సందులు ఎర్రబడ్డాయి.
"ఇంతే అవ్వా. వెలుగు లోపలికి పోతుంది.
కొంత అక్కడే ఇంకిపోతుంది, కొంత తిరిగొస్తుంది.
తిరిగొచ్చినదాన్ని అడుగుతాం,
అక్కడ నెత్తురు ఎంత ఎర్రగా ఉందని."
అవ్వ చాలాసేపు తన చెయ్యే చూసుకుంది,
ఎవరో తన దగ్గర దాచి మరిచిపోయిన వస్తువులా.

తెర మీద ఒకామె ముఖం దాచుకుని
మళ్ళీ చూపిస్తుంది.
మా మాండింకా మాటలే, బంజుల్‌లో రికార్డు చేసినవి.
తర్వాత నీళ్ళ చప్పుడు. మళ్ళీ మనిషి గొంతు.
కుంబా కళ్ళప్పగించి చూస్తోంది.
నెత్తురు తొందరపడదు.
గొంతు వినబడ్డాక ఐదారు సెకన్లకి గానీ
ఆ చోటికి నిండుగా చేరదు,
పిలుపు అందాక
చేతులు కడుక్కుని బయల్దేరే చుట్టం.

ఏడో నిమిషంలో అవ్వ దగ్గింది.
మాట్లాడొద్దని చెప్పాం,
దగ్గొద్దని చెప్పలేదు.
కుంబా గిర్రున తిరిగింది.
టోపీ జారింది, తీగ లాక్కుపోయింది,
కంప్యూటర్‌లో గీతలన్నీ
మందలో కుక్క పడ్డ మేకలయ్యాయి.
ఆ దగ్గు ఎవరిదో దానికి తెలుసు.
పుట్టకముందే, గోడకి అవతల నుంచి
విని ఉంటుంది.
ఒక బోసినవ్వు. ఆ తర్వాత ఒకటే కాళ్ళు తన్నుకోవడం.

నేను రాయాల్సింది రాశాను:
కదలిక. ఇరవై సెకన్లు. తీసెయ్యాలి.

నియమం మంచిదే, తిట్టను.
జారిన దీపం లేని నెత్తురు చూపిస్తుంది,
తెలిసి తెలిసి దాన్ని నమ్మకూడదు.
కానీ కాగితం మీద ఆ గడి నింపుతున్నప్పుడు
పెన్ను కాస్త ఆగింది.

"ఏం కనబడింది? తెలివైనదవుతుందా?"
ఒక్క పిల్లని చూసి చెప్పలేం అవ్వా.
రెండొందల మందిని కలిపి సగటు తీస్తే
సన్నటి వంపు ఒకటి తేలుతుంది.
"అయితే నువ్వు చూసింది కుంబాని కాదు,
ఊళ్ళ పిల్లలందరినీ కలిపి దంచిన పిండిని."
నవ్వింది. ముందుపళ్ళు లేవు, ఆమెకీ.

సిరెంగ్‌కి సబ్బు బిళ్ళ ఇచ్చాం, వచ్చినందుకు.
"నా దగ్గుకో?" అంది అవ్వ చెయ్యి చాపి.
ఆ చేతికి ఇంకోటి ఇచ్చాను,
రిజిస్టర్‌లో రాయలేదు.

కుంబా నుదుటి మీద దీపాల గుండ్రటి అచ్చులు.
గేటు దాటేలోపే మానిపోతాయి.
టోపీ కడగబోతే
ఒక దీపానికి చుట్టుకుని ఉంగరం వెంట్రుక.
బయట, ఎర్రదుమ్ములో, అవ్వ మళ్ళీ దగ్గింది.
తడిచేతులతో నిలబడి
నాకు తెలియకుండానే లెక్కపెట్టాను:
ఒకటి, రెండు, మూడు,
నాలుగు,